ఆగ్నియా మెట్లు

వోల్గా తీరాన ఉన్న ఆ సంగీతనాటకశాలలో వెనుకవైపు మెట్లకు మంచి పేరు లేదు. పూర్వం ఆగ్నియా అనే గాయని, ప్రధానపాత్ర లభించిన రాత్రే అక్కడ కాలుజారి ప్రాణం విడిచిందట. నాటినుండి దీపాలారిన పిదప ఎవరో మంద్రస్థాయిలో గొంతు సవరించుకుంటారని వాడుక. పగలు పరిహసించేవారు సైతం రాత్రివేళ ముందుద్వారం గుండానే వెళ్ళేవారు.

ఆ రాత్రి ముందుద్వారానికి అప్పటికే తాళం పడింది.

అక్కడి గాయని తైసియా మంద్రకంఠానికి ఇన్నేళ్ళూ దక్కినవి దాదులు, తల్లులు, మంత్రగత్తెలు. ఇప్పుడు ప్రధానగాయని జ్వరపడింది. రేపు రాణి పాత్ర తైసియాదే. ఇది చేజారితే జన్మంతా దాదివేషమే! కాని రాణి పాడే శపథగీతంలోని చివరి చరణం... సాధనలో ప్రతిసారీ మరపున పడుతూనే ఉంది.

ఆహార్యం సర్దుతున్న ముసలి ఫైనా నవ్వింది.

"మంత్రగత్తెవి, నీకు మెట్లంటే భయమేమిటే తల్లీ? నిన్ను చూస్తే ఆ ఆగ్నియాయే పరుగుతీస్తుంది!"

"ఊరుకో మామ్మా. రేపు గట్టెక్కితే అప్పుడు నవ్వుదాం."

శాలువా కప్పుకుని తైసియా వెనుకమెట్లు సగం దిగిందో లేదో— దీపం ఆరింది. ఉలికిపాటుకు చేతిలోని పాత్రపుస్తకం జారిపడింది.

రంగస్థలం మీద బతికే అక్కడివారందరికీ ఒక నియమం ఉంది. జారిన పుస్తకాన్ని ఊరికే తీసుకోరాదు. పడినచోటనే దానిపై కూర్చుని, ఆపైన లేవాలి. కూర్చున్నవారిదే పాత్ర. పట్టువస్త్రాలతో ఉన్న మహాగాయనులైనా మట్టిలో కూర్చోవలసిందే.

తైసియా వంగి తడిమింది. ఉన్ని చేతితొడుగులకు ఏదో పలుచగా తగిలింది. హమ్మయ్య... కూర్చుంది.

అప్పుడు క్రిందినుండి— ఒక నిట్టూర్పు.

ఆ వెంటనే శపథగీతం. నెమ్మదిగా, నిండుగా, నూతిలోంచి వచ్చినట్టు... చివరి చరణం దగ్గర ఆ స్వరం ఆగింది. మళ్ళీ లేచి, ఆ చరణాన్ని తొట్రుపాటు లేకుండా ముగించింది.

"ఎవరూ?..."

చెవిదగ్గర గుసగుస వినవచ్చింది— "నేనూ కూర్చున్నాను..."

దీపం వెలిగింది. తైసియా దిగ్గున లేచి చూసింది. తన క్రింద నలిగి ఉన్నది భుజంమీదినుండి జారిన తన శాలువా! పుస్తకం ఎక్కడో దిగువ మెట్టుమీద ఉంది. పరుగున దిగి, తొడుగు లాగి ముట్టుకుంది. అట్ట... వెచ్చగా ఉంది.

పైనుండి ఫైనా కేక వేసింది. "ఎంత బాగా పాడావే తల్లీ! ఇన్నాళ్ళకు చివరి చరణం వచ్చిందే! ఏదీ, మళ్ళీ ఒక్కసారి..."

పాడింది నేను కాదు మామ్మా, అని చెప్పబోయింది తైసియా. పెదవులు కదిలాయి.

శబ్దం లేదు.

మెట్ల అడుగునుండి, అచ్చం ఆమె గొంతుతోనే, జవాబు వచ్చింది—

"రేపు, మామ్మా... రేపే పాడతాను."