తాళం పడిన ఫోన్

మూడు నెలల్లో ఫిజియో ఆ సెల్‌ఫోన్ రిపేరు షాపు మెట్లెక్కడం అది ఏడోసారి. ఒకసారి ఛార్జింగ్ ఎక్కడం లేదన్నాడు. ఒకసారి స్పీకరు గరగరలాడుతోందన్నాడు. ఇంకోసారి ఏ జబ్బూ లేని ఫోన్‌ని బల్ల మీద పెట్టి, "ఎందుకో డల్‌గా ఉంటోందండీ" అన్నాడు. షాపు నడిపే మెకానిక్ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి స్క్రూలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఈసారి మాత్రం జబ్బు నిజమే.

"ఐసు బకెట్లో పడిందండీ. మా టీమ్ అమ్మాయి మోకాలికి ఐసు పెడుతుంటే జేబులోంచి జారింది."

అతను ఆడవాళ్ళ వాలీబాల్ జట్టుకి ఫిజియో. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు. అయినా మోకాలు అన్న మాట వినగానే స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది.

"ఇక దీనికి దండం పెట్టేయండి. బోర్డంతా నీళ్ళే" అంది.

"అయితే ఇంకోటి ఇవ్వండి, చవగ్గా. ఎల్లుండి టీమ్‌తో విదేశాలకి వెళ్తున్నా, నలభై రోజులు. దిగగానే అక్కడి సిమ్ వేసుకోవాలి. ఇక్కడి సిమ్‌తో అక్కడ మాట్లాడితే నా జీతం మొత్తం రోమింగే మింగేస్తుంది."

నలభై రోజులు! షాపుకి ఎదురుగా ఉన్న అతని క్లినిక్ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో ఆమెకి తెలుసు. ఆ తలుపు వైపు నలభై రోజులు చూడనక్కర్లేదన్నమాట. ఏమీ పట్టనట్టు మూడు సెకండ్‌హ్యాండ్ ఫోన్లు తీసి వరసగా పెట్టింది.

"ముందు కెమెరా బాగుండాలండీ. మొహం ఒక్కటే కాదు, నడుము దాకా కనపడాలి."

"నడుము దేనికి?"

"రోజూ వీడియో కాల్ చెయ్యాలి. ఒకావిడ నన్ను చూడందే ఊరుకోదు. వేళ్ళు కూడా స్పష్టంగా కనపడాలండోయ్. మసగ్గా ఉంటే అలుగుతుంది."

వేళ్ళు! ఆమె కళ్ళ ముందు ఉంగరం వేలు మెదిలింది.

"ఎవరో ఆ మహాతల్లి?"

"భలే అన్నారు!" అని అతను నవ్వాడే తప్ప ఎవరో చెప్పలేదు.

అంతలో షట్టరు కింద తల వంచుకుని ఓ పొడుగాటి అమ్మాయి లోపలికి వచ్చింది. జట్టు కెప్టెన్. వస్తూనే ఫిజియో భుజం మీద చెయ్యేసింది.

"ఇంకా తేలలేదా నీ బేరం? అక్కడ సిమ్ నేను కొనిపెడతాలే, పద." తర్వాత మెకానిక్‌ని పైనుంచి కిందకి చూసి, "ఓహో, ఈ షాపేనా!" అని కిసుక్కున నవ్వింది.

మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ చెయ్యి ఇంకా ఆ భుజం మీదే ఉంది.

అద్దాల అర అడుగున ఒక వెండి రంగు ఫోన్ ఉంది. కెమెరా బంగారం. కానీ దానికి కంపెనీ తాళం ఉంది. ఇక్కడి ఒక్క కంపెనీ సిమ్‌తో తప్ప పనిచెయ్యదు, దేశం దాటితే ఉత్త అద్దం ముక్క. ఎవరడిగినా ఆ సంగతి ముందే చెప్పేది. ఆ రోజు నోరు రాలేదు.

"ఇది తీసుకోండి. మీ ధరలోనే వస్తుంది."

"అక్కడి సిమ్ పడుతుందా?"

"ఎందుకు పట్టదు? రెండు సిమ్ములు పెట్టుకునే చోటుంది."

"మీరు చెప్తే ఇక చూసేదేముంది!" అని డబ్బిచ్చి, పరీక్షించకుండానే జేబులో వేసుకున్నాడు. కెప్టెన్‌తో కలిసి మెట్లు దిగుతుంటే ఆమె వెనక నుంచి చూసింది. మనసు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దావిడ షాపుకి వచ్చింది. మాట్లాడకుండా ఓ చిన్న నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. గుండ్రటి అక్షరాలతో రాసుంది.

"నాకు చెవులు వినపడవు, మాట రాదు. నిన్న మీ దగ్గర ఫోన్ కొన్న ఫిజియో మా అబ్బాయి. వాడు రేపు వెళ్ళిపోతున్నాడు. రోజూ వీడియోలో చేతులతో మాట్లాడుకోవాలి. కాల్ వచ్చినట్టు నాకెలా తెలుస్తుంది? మీరైతే ఓపిగ్గా నేర్పిస్తారని వాడు చెప్పాడు."

మెకానిక్ ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. నడుము దాకా, వేళ్ళతో సహా. ఇందుకా!

మెకానిక్ ఆవిడ ఫోన్ తీసుకుని, కాల్ వస్తే వెనక లైటు మిణుకుమిణుకుమనేలా మార్చింది. తన ఫోన్‌తో చేసి చూపించింది. లైటు వెలిగింది. పెద్దావిడ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సంబరం మెకానిక్ చూడలేకపోయింది.

నోటుపుస్తకం లాక్కుని రాసింది. "మీ ఇంటికి వస్తాను. ఇప్పుడే."

షట్టరు దించేసింది.

వాళ్ళింట్లో ఫిజియో పెట్టెలో బ్యాండేజీ చుట్టలు సర్దుతున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. "మీరా!"

"ఆ ఫోన్ ఇచ్చెయ్యండి. అక్కడ పనిచెయ్యదు."

"నిన్న పనిచేస్తుందన్నారుగా?"

"సిమ్ పడుతుందన్నాను. పనిచేస్తుందనలేదు." తల దించుకుంది. "దానికి తాళం ఉంది. తెలిసే ఇచ్చాను."

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. "తెలిసేనా? నాన్న పోయాక ఆవిడ మనసు విప్పి మాట్లాడేది నా ఒక్కడితోనేనండీ. పరాయి దేశంలో నేను, ఇక్కడ ఆవిడ. ఏమైపోయేవాళ్ళం?"

"మీ అమ్మగారని నాకేం తెలుసు? ఎవరో అనుకున్నా. ఆపైన ఆ కెప్టెన్ మీ భుజం మీద..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కుళ్ళండీ. వట్టి కుళ్ళు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

తల్లి అతని చొక్కా పట్టుకుని లాగింది. ఏమిటని కనుబొమలతో అడిగింది. అతను ఏదీ దాచకుండా చేతులతో చెప్పాడు. ఆవిడ కాసేపు అమ్మాయి వంక చూసింది. తర్వాత ఆవిడ చేతులు గబగబా కదిలాయి.

"ఏమంటున్నారు?"

ఫిజియో మెడ గోక్కున్నాడు. "అదీ... తప్పు చేసినా ఇంటికొచ్చి ఒప్పుకుంది, ఈ పిల్లకి ధైర్యముంది, నీకే లేదు అంటోంది."

"మీకు ధైర్యం దేనికి?"

"బాగున్న ఫోన్‌కి లేని జబ్బు అంటగట్టి మరీ మీ షాపుకి వస్తున్నానని అమ్మకి తెలుసు. మీకొక్కరికే తెలీదు. మీరంటే ఇష్టమండీ. నిన్న కూడా అమ్మకోసమని చెప్పేస్తే పోయేది. మీ మొహం ఎర్రబడుతుంటే చూడబుద్ధేసి చెప్పలేదు. అందులో నా తప్పూ ఉంది."

"మరి ఆ కెప్టెన్?"

"మిమ్మల్ని చూడ్డానికే వచ్చింది. ఒక్కసారి చూపించమని నెల రోజులుగా నా ప్రాణం తీస్తోంది."

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది ఏ దేశం సిమ్‌తోనైనా పనిచేస్తుంది. మీది నేను వాడుకుంటా. నలభై రోజులకి అరువు, అంతే. మీరే స్వయంగా తెచ్చివ్వాలి."

"ఇవ్వనంటే?"

"మీ అమ్మగారికి చెప్తా."

తల్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

అతను వెళ్ళాక ప్రతి సాయంత్రం షాపు కట్టేసి ఆమె ఆ ఇంటికి వెళ్ళేది. పెద్దావిడ దగ్గర చేతుల భాష నేర్చుకునేది. నీళ్ళు, అలసట, తిన్నావా, బాగున్నావా. స్క్రూలు తిప్పే వేళ్ళు మాటల దగ్గర తడబడేవి. పెద్దావిడ వాటిని పట్టుకుని సరిచేసేది. కాల్ వస్తే మాత్రం మెకానిక్ సిగ్గుతో ఒక్కో మాటే చెప్పి చేతులు ముడుచుకునేది.

పన్నెండో రోజు లైటు మిణుకుమంది. తెర మీద ఫిజియో, వెనక ఆటస్థలం. ఇంతలో తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ కెప్టెన్ వచ్చి అతని భుజానికి గడ్డం ఆనించి చెయ్యూపింది.

మెకానిక్ చేతులు వాటంతటవే లేచాయి. ఒక్క తప్పు లేకుండా, జీవితంలో మొట్టమొదటి పూర్తి వాక్యం చెప్పాయి.

"ఆవిడని పక్కకి జరగమను."

పెద్దావిడ పగలబడి నవ్వింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంకా నేర్పని ఒక సైగ నేర్పించి, వాక్యం చివర అది కూడా చేర్చమంది.

"ఇప్పుడే."