పెరుగుతుంటే అమ్మినవాడు

నిద్ర లేస్తూనే ఆమె ఫోను తీసింది. రోజూ అంతే. ముందు షేర్లు, తర్వాతే టీ. మార్కెట్ పైపైకి పోతోంది. వాళ్ళ షేర్లు మాత్రం మళ్ళీ తగ్గాయి. ధర కాదు, సంఖ్యే తగ్గింది. పోయిన నెలలోనూ ఇలాగే.

ఖాతా మొగుడూపెళ్ళాలిద్దరిదీ. తను అమ్మలేదు.

ముందు గదిలో కుట్టు మిషన్ ఆడుతోంది. భర్త దర్జీ. మాట తక్కువ మనిషి. ఆమె గుమ్మంలో నిలబడింది.

"మన షేర్లు ఎలా ఉన్నాయంటారు?"

"బాగున్నాయిగా." తలెత్తలేదు. పళ్ళతో దారం తెంపాడు.

ఆమెకు అనుమానం ముదిరింది. పెరిగే షేర్లు ఊరికే ఎవరమ్ముతారు? ఎవరికో అవసరం పడి ఉండాలి. ఎవరికి?

వీధిలో హారన్ మోగింది. మరిది. కొత్త స్కూటర్ మీద వచ్చాడు. ఆమెకు అంతా తెలిసిపోయినట్టయింది.

"బండి ఎలా ఉంది వదినా?" అంటూ లోపలికొచ్చాడు.

"భేషుగ్గా ఉంది. మా షేర్లెక్కి తిరుగుతున్నావన్నమాట."

మరిది హాస్యమనుకున్నాడు. "అవే అయితే కారే వచ్చేది కదా!"

"అదీ కొనుక్కో. నాకు తెలీకుండా మీ అన్న అమ్మి పెడుతున్నాడుగా."

మరిది మొహంలో నవ్వు పోయింది. "వాయిదాల మీద కొన్నాను వదినా." వెనక్కి తిరిగి బయటికి పోయాడు.

మిషన్ ఆగింది.

"వాణ్ణెందుకన్నావు? అమ్మింది నేను. డబ్బు డిపాజిట్‌లో వేశా." ఫోను చూపించాడు. డిపాజిట్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

"పెరుగుతుంటే అమ్మడమేంటి? మతి ఉందా?"

"సగం షేర్లు, సగం డిపాజిట్ అనుకున్నాం. షేర్లు పెరిగి ముప్పావు వంతయ్యాయి. ఒక చెయ్యి పొడుగైతే ఆ చొక్కా ఎవడేసుకుంటాడు? కత్తిరించా."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే అమ్మనిస్తావా?"

ఆమె వచ్చి మిషన్ పక్కన కూర్చుంది.

"అప్పట్లో మార్కెట్ పడ్డప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చేదానివి. అన్నం కలిపి వదిలేసేదానివి. నేను చూళ్ళేదనుకున్నావు. షేర్లు పడితే పడనీ. నువ్వట్లా అయిపోతే నేను చూడలేను." మళ్ళీ అన్నాడు. "చెప్పకపోవడం నా తప్పే."

అతను ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా అమ్మాలా?"

"కొంచెం."

"ఇటివ్వండి. నేనే నొక్కుతా." పెరుగుతున్న ధర ఇంకోసారి చూసుకుంది. అయినా నొక్కింది.

తర్వాత బయటికి నడిచింది. మరిది శుభ్రంగానే ఉన్న సీటును తుడుస్తున్నాడు.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి?"

"రావాలి. దొంగని చేశాను నిన్ను. నా బుద్ధే అంత." స్కూటర్ దగ్గరికొచ్చింది. "వెనకెక్కనా? ఒక చుట్టు తిప్పవూ?"

మరిది ఆమె వైపు చూడలేదు. వంగి, ఆమె కాలు పెట్టుకోడానికి కడ్డీ కిందికి దించాడు.