మూడోపాలి పిలిస్తే

మా భావనపాడులో బోట్ల మీది వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఊళ్లో నాకు గౌరవం ఉందనుకుంటే పొరపాటు. సెట్టు పాడైతే "త్రినాథూ, త్రినాథూ" అని గుమ్మం ముందు నిలబడతారు. బాగైపోయాక దారిలో ఎదురుపడినా మొహం తిప్పుకుంటారు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది, నేనూ పలకరించను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలుస్తుంటే మా అక్క ఈశ్వరి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. బయటికొచ్చి చూస్తే తూర్పు ఆకాశం మొత్తం నల్లబడిపోయి ఉంది. మా బావ భాస్కర్ ముందురోజే సముద్రం మీదికి చేపల వేటకి వెళ్లాడు.

"గాలి తిరిగిపోనాదిరా. మీ బావకి ఎలగైనా కబురెట్టు. ఫోను కలవట్లేదు" అంది అక్క.

అంతదూరం ఫోను ఎలా కలుస్తుంది? సెట్టులో పిలవాలి. నా కొట్లో ఉన్న సెట్లన్నీ విప్పిన పేగుల్లా బల్ల మీద పడి ఉన్నాయి. ఊళ్లో బోట్లన్నీ సముద్రం మీదే ఉన్నాయి. ఒక్క జోగయ్య బోటు మాత్రం ఇంజను చెడి ఏటి ముఖం దగ్గర కట్టేసి ఉంది. జోగయ్యకీ నాకూ చాన్నాళ్లుగా మాటల్లేవు. అయినా వెళ్లాను. అక్క కోసం ఆ ముసలాడి మొహం కూడా చూడక తప్పలేదు.

"నా సెట్టు ఇంటాది గానీ మాటాడదు. ఎందరో సూసినారు. నువ్వేటి పీకుతావు?" అన్నాడు జోగయ్య, తాడు చుట్ట మీంచి లేవకుండానే.

"నోరు మూసుకుని తాళం ఇయ్యి మావా" అన్నాను.

కేబిన్‌లో డీజిలు, కుళ్లిన చేప, తడి తాడు, అన్నీ కలిసిన కంపు కొట్టింది. మధ్యాహ్నమే అయినా లోపల టార్చి లేకుండా చెయ్యి కనబడలేదు. సెట్టు ఆన్ చేస్తే పచ్చ దీపం వెలిగింది. బుస్సుమని హోరు వినిపించింది. బటన్ నొక్కి "భాస్కర్ బావా" అన్నాను. అంతే, దీపం ఆరిపోయింది. వేలు తీస్తే మళ్లీ వెలిగింది. మళ్లీ నొక్కాను. "భాస్కర్ బావా". ఆరిపోయింది.

ఎన్నిసార్లు చేసినా అంతే. ఒక్క పిలుపు వెళ్తుంది, సెట్టు చచ్చిపోతుంది. ఇంకో సంగతి కూడా గమనించాను. నేను పిలిచిన ప్రతిసారీ, సెట్టు మళ్లీ వెలిగాక, ఆ హోరు కాసేపు ఆగిపోతోంది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు...

"అలగ ఒక్కోపాలి పిలవకురా" అన్నాడు జోగయ్య గుమ్మంలోంచి. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

ఇది మా వాళ్లలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. గంగ మీద, అంటే సముద్రం మీద, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. మూడోసారికి గానీ పలకరు. మనిషైతే మూడుసార్లూ పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలిచి ఊరుకుంటుంది. చివరికి ఇళ్లల్లో ఆడవాళ్లకి కూడా అదే అలవాటు. నేను మాత్రం నవ్వేవాణ్ణి.

మీటరు తీశాను. బ్యాటరీ దగ్గర కరెంటు నిండుగా ఉంది. టెర్మినళ్ల మీద చిలుము గీకేశాను. ఫ్యూజు మార్చాను. సెట్టు వెనక వైర్ల మీద మీటరు పెట్టి బటన్ నొక్కితే పన్నెండు దాటి ఉన్న ముల్లు తొమ్మిదికి పడిపోయింది. అంటే బ్యాటరీకీ సెట్టుకీ మధ్య దారిలోనే ఎక్కడో జబ్బు ఉంది. చెక్కల వెనక చెయ్యి పెట్టి వైరు తడుముకుంటూ పోయాను. ఒకచోట లావుగా టేపు తగిలింది. బ్లేడుతో కోశాను.

లావు వైరుని మధ్యలో తెంపి, జానెడు సన్న వైరు కలిపాడు ఎవడో. దారమంత సన్నం. సెట్టు వినడానికి కొంచెం కరెంటు చాలు, ఆ సన్న వైరులోంచి వచ్చేస్తుంది. మాట్లాడాలంటే ఎక్కువ కావాలి, అంత అందులోంచి రాదు. తెలియక చేసిన పని కాదు ఇది. అతుకులు ముచ్చటగా ఉన్నాయి. వాటి చుట్టూ పసుపు దారం చుట్టి ఉంది.

"ఎవుడు సేసినాడిది?"

"సోములు. మా పాత డ్రైవరు" అన్నాడు జోగయ్య. కళ్లు దారం మీదే ఉన్నాయి. "'ఇంటే సాలు మావా, పలకొద్దు' అనీవోడు. ఆ తరవాత మల్లీ గంగ మొకం సూడలేదు. దాన్ని పీకకురా, నీకు దండం ఎడతాను."

ఒడ్డున అక్క గాలికి చీర ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా సముద్రం కేసే చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం పోతుంటే దారాలా? ఒక్క గుంజు గుంజి దారం ఏట్లో పడేశాను. లావు వైరు వేసి బిగించాను.

బటన్ నొక్కాను. దీపం ఆరలేదు.

"భాస్కర్ బావా... భాస్కర్ బావా... భాస్కర్ బావా..."

వేలు తీశాను. హోరు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత...

"ఎవరు?"

బావ గొంతే. కాస్త నీరసంగా, నోట్లో నీళ్లున్నట్టుగా ఉంది.

"నేనే బావా, త్రినాథుని! ఇందాకట్నుంచీ పిలుస్తన్నాను, పలకవేటి?"

"ఎన్నోపాలికి... పలుకుతారు?"

ప్రాణం లేచొచ్చింది నాకు. ఈ గాలిలో కూడా ఎకసెక్కాలే ఈయనకి! "మూడోపాలికి, మరిసిపోనావేటి? వేగిరం వచ్చీ. ఈశ్వరి ఏడుస్తన్నాది ఇక్కడ."

"ఈశ్వరి..." అన్నాడు. మెల్లగా, కొత్త పేరు నోరు తిరగడానికి అనుకున్నట్టు. "ఎక్కడికి... రావాల?"

"ఇంకెక్కడికి? ఇంటికే!"

"వస్తన్నాను."

టక్. బటన్ మీంచి వేలు తీసిన చప్పుడు.

వెనక్కి తిరిగితే జోగయ్య లేడు. బోటు దిగిపోయి ఒడ్డున ఇసకతో చేతులు తోముకుంటున్నాడు. "మీ బావ గొంతు ఎప్పుడూ అలగే ఉంటాదేటి?" అని అడిగాడు. నాలుగు తిట్లు తిట్టి వచ్చేశాను.

దీపాలవేళకి బావ బోటు ఒడ్డెక్కింది. మనిషికి గీత కూడా పడలేదు. అక్క అతన్ని పట్టుకుని ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత అన్నం వండింది. నాకూ బావకీ వడ్డించి, తుంపర మొదలైందని ఎండుచేపలు తియ్యడానికి పెరట్లోకి వెళ్లింది. గాలికి కరెంటు పోయింది. లాంతరు మధ్యలో పెట్టుకుని తింటున్నాం.

"నా సెట్టు పని ఎలగుంది బావా? నేను పిలవకపోతే ఏటయ్యేది?" అన్నాను గొప్పగా.

బావ ముద్ద కలపడం ఆపాడు. "నీ గొంతు ఇన్నాను. ఒక్కపాలి అనడం, తెగిపోడం. మల్లీ ఒక్కపాలి. అందరికీ బయమేసినాది. సెట్టు కట్టేసి, మబ్బు సూసుకుని వచ్చేసినాం."

"మరి... మాటాడినావు కదా?"

"ఎవుడు మాటాడినాడురా?"

సెట్టులో ఆ గొంతుకి మూడోపాలి సంగతి నేనే చెప్పాను. అక్క పేరు చెప్పాను. ఇంటికి రమ్మన్నాను...

"ఈశ్వరీ..."

పెరటి దడి అవతల నుంచి. బావ గొంతు.

బావ నా ఎదురుగానే ఉన్నాడు. చెయ్యి కంచంలో ఉంది. నోరు మూసే ఉంది. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి.

"ఈశ్వరీ..."

"అక్కా!" అని అరిచాను. ఒక్కసారే అరవగలిగాను. ఆ తర్వాత గొంతు పెగల్లేదు. ఎంత లాగినా గాలి తప్ప మాట రాలేదు. బావ కంచం తన్నుకుంటూ లేచాడు.

నా ఒక్క పిలుపుకి అక్క పలకలేదు.

"ఈశ్వరీ..."

టక్.

పెరట్లోంచి అక్క, రోజూలాగే కాస్త విసుగ్గా, పలికింది.

"ఆఁ... వస్తన్నాను."