బెంగాలీ అక్షరాల తెలుగు నవల

"మేం తెలుగు నవలలే తీస్కుంటమండి. బెంగాలీకి పక్క టేబుల్," అంటూ కాగితాల కట్ట వెనక్కి తోశాను.

"తెలుగే, దాదా!" ఆ అమ్మాయి మళ్లీ ముందుకు తోసింది. "సూడండి."

చూశాను. మూడు వందల పేజీలు. అన్నీ బెంగాలీ అక్షరాలే!

రచయితలకు ప్రచురణకర్తల్ని వెతికిపెట్టే ఏజెన్సీ మాది. కోల్‌కతా ఆఫీసులో తెలుగు చూసేది నేనొక్కణ్ణే, అదీ హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చి. ఆ అమ్మాయి పేరు జూలియా. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ జీవరత్నంగారి కూతురు. ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ. కథ తెలుగులో పుట్టింది, చేతికొచ్చిన అక్షరాల్లో కాగితమెక్కింది.

"బెంగాలీ ఏజెంట్లు సదవగలరు, అర్థం కాదు. తెలుగోళ్లకి అర్థమవుద్ది, సదవలేరు. ఆరుగురు తిప్పి పంపీసినారు. మీరూ కాదంటే బీరువాలో ఎట్టి తాళం ఏసీస్తాను."

కళ్లలో నీళ్లు, గొంతులో దబాయింపు. ఆ దబాయింపుకే పడిపోయాను.

"మీరు చదవండి, నేను టైప్ చేస్త," అనేశాను.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల క్వార్టర్స్‌లో పని. బయట వాన, లోపల ఆమె గొంతు, మధ్యలో వాళ్ల నాయనమ్మ యూనిస్ పెట్టే చేపల పులుసు. మూడో వారానికి అన్నగారిని చేసే ఆ 'దాదా' పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకరోజు "ఏటలా సూత్తన్నావు, బాబూ?" అని వినబడితే అదీ టైపు చేసేశాను. తీరా అడిగింది నవలలో మనిషి కాదు, యూనిస్ మామ్మ. నన్నే! జూలియా పేజీ చాటున ముఖం దాచుకుని పడీపడీ నవ్వింది.

ఆఖరి పేజీ అయిన వారానికి ఆఫీసుకొచ్చింది.

"నేను మీ ఏజెంటుగా ఉండలేనండి," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్లూ సదివించుకొని ఇప్పుడా?" కట్ట లాక్కుని లేచింది.

"ఆగండి! సొంత మనుషుల పుస్తకాలు చూడొద్దని మా రూలు."

"నానెప్పుడయ్యాను మీ సొంత మనిషిని?"

"అయితరేమోనని... నిన్న మీ నాయన్ని అడిగిన."

ఆమె కూలబడింది. "ఏటన్నారు?"

"'ముందు దాన్ని అడుగు, బాబూ' అన్నరు." ఒప్పంద పత్రం ఆమె ముందుంచాను. "మా హైదరాబాద్ ఆఫీసు కౌముది మేడం రెండ్రోజుల్ల చదివేసిన్రు. మీ ఏజెంట్ ఆమెనే, సంతకం కూడ పెట్టిన్రు. నన్ను కాదన్నా ఇది మీదే."

జూలియా ప్రతి పేజీ చదివింది. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. చివర సంతకం చేసి, పెన్ను మూత పెట్టి, అప్పుడు తలెత్తింది.

"పుస్తకం సంగతి అయిపోనాది. ఇప్పుడడగండి, తిన్నగా."

"జూలియా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"సేసుకుంటాను!"

ఆఫీసంతా తలతిప్పి చూసేంత గట్టిగా అంది.