గ్లౌజు వేళ్లకు పలకని తెర

"చేతికి గ్లౌజులుంటాయని మీ మిషన్‌కి ఎవరూ చెప్పలేదాండీ?"

మొదటి మాటే అది. పలకరింపు లేదు, కూర్చోమనడం లేదు. వార్డు మధ్యలో నిలబడి గ్లౌజు వేలితో స్క్రీన్‌ని టకటకా పొడుస్తున్నాడు నర్సుబాబు. అదేమో ఉలకదు, పలకదు.

ఎదురుగా మేనేజరమ్మ. ముప్పైకి అటూ ఇటూ ఉంటుంది, చంకలో ల్యాప్‌టాప్. ఆస్పత్రిలో కాగితాలు తీసేసి రోగుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రాజెక్టు ఆమెది. ముందొచ్చిన మేనేజర్లిద్దరూ చేతులెత్తేసి పోయారు. ఈసారీ చెడిందంటే ఆమె ఉద్యోగం గోవిందా.

"గ్లౌజులు తీసి నొక్కండి," అంది.

"తీసి, నొక్కి, కడుక్కుని, మళ్లీ తొడుక్కుని... ఈలోగా ఈ తాతయ్యకి జ్వరం తగ్గి ఇంటికెళ్లిపోతాడు!"

"మధ్యలో నన్ను లాగకు బాబూ," అన్నాడు మంచం మీది తాతయ్య.

ఆమెకి చుర్రుమంది. "మీరు ట్రైనింగ్‌కే రాలేదు."

"డ్యూటీ మారే టైముకి పెట్టారు మరి. రోగుల్ని ఎవరి మీద వదిలేసి రమ్మంటారు?"

ఆమె గిరుక్కున తిరిగి పైకెళ్లి సీట్లో కూలబడింది. కిటికీ అవతల వాన. టీము పంపిన చార్టు నిండా, పనులన్నీ సవ్యంగా సాగుతున్నట్టు పచ్చరంగే. ఏ పని గురించి ఎవర్నడిగినా "అయిపోవచ్చింది మేడమ్" అనేవాళ్లే. పాత మేనేజరు అరుపులకి జడిసి, చెడ్డమాట చెప్పడం ఎప్పుడో మానేశారు పాపం. ఈమేమో ఎవర్నీ కదపలేక, వాళ్ల పనులు కూడా తన నెత్తినే వేసుకుంది.

ఏడాదిన్నరగా ఇంతే. మధ్యాహ్నం భోజనానికి నాలుగింటికి దిగుతుంది. అప్పటికి క్యాంటీన్ ఖాళీ. ఒక్కరేనా అని అడిగేవాళ్లుండరు.

ఆరోజూ తింటుంటే అక్క ఫోన్ చేసింది. "తిన్నావుటే?"

"తింటున్నా."

"ఎవరితో?"

"అందరితో అక్కా."

ఫోన్ పెట్టేసి చుట్టూ ఖాళీ బల్లల వంక చూసింది. చార్టులో పచ్చరంగు పూసేది టీమొక్కటే కాదని అప్పుడు తోచింది ఆమెకి.

మర్నాడు స్టూలు లాక్కుని వార్డులో ఓ మూల కూర్చుంది. చూస్తే ఏముంది, నర్సులు బీపీ అంకెలు గ్లౌజు వెనకాల పెన్నుతో రాసుకుని, తర్వాత కాగితం మీదకి ఎక్కించుకుంటున్నారు. స్క్రీన్‌లో రోగి పేజీ తెరవాలంటే పద్నాలుగు గళ్లు నింపాలి మరి.

"ఈ పద్నాలుగు ఎవరు కావాలన్నారండీ?" అడిగాడు నర్సుబాబు.

"పైవాళ్లు."

"ఏనాడైనా ఈ మెట్లు దిగొచ్చారా వాళ్లు?"

"నిన్నటిదాకా నేనే సరిగ్గా దిగలేదు," అంది తలొంచుకుని.

ఎగతాళి చేద్దామని తెరిచిన నోరు మూసేశాడతను. ఆమె మొహంలోకి అప్పుడే సరిగ్గా చూశాడు.

మూడ్రోజులు అక్కడే ఉండి, నాలుగోరోజు టీముని కూర్చోబెట్టింది. "మన ప్రాజెక్టు చెడిపోయిందనే అనుకోండి. ఎందుకు చెడిందో తలా ఒకటి చెప్పండి. ఎవర్నీ ఏమీ అనను."

చివరికి ఎప్పుడూ నోరెత్తని టెస్టింగ్ అమ్మాయి, "రెండు నెలల్నుంచీ చెబుదామనే ఉంది మేడమ్..." అని మొదలెట్టింది. ఇక చూస్కోండి, బోర్డు మీద చోటు చాల్లేదు.

అదంతా పట్టుకుని పెద్ద మేనేజరు దగ్గరికెళ్లింది. వార్డు మాట వినాలని ఆయన నర్సుబాబునీ పిలిపించాడు.

"అనుకున్నట్టు ఒకటో తారీఖుకి అవదండీ," అంది ఆమె. "రెండు నెలలు కావాలి. ముందు ఒక్క వార్డులో, గ్లౌజుకి పలికే స్క్రీన్లు పెట్టి, నాలుగే గళ్లతో మొదలెడదాం."

"ఇప్పుడా చెప్పేది? మళ్లీ చెడితే?"

"ఆ తప్పు నాదే. నన్ను పంపించెయ్యండి."

"ఆ ఒక్క వార్డూ మాదే అవ్వాలండీ," అన్నాడు నర్సుబాబు, ఎవరూ అడక్కుండానే. "మొదటిరోజు పక్కన నేనుంటా."

పెద్దాయన సణిగి సణిగి, సరేనన్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి వార్డు స్క్రీన్ల మీద గ్లౌజు వేళ్లు చకచకా ఆడుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టి, ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లారు. సోమవారం నుంచి ఆమెకి ఇంకో ఆస్పత్రి. సామాన్లు సర్దితే ఒక్క సంచిలో పట్టేశాయి. ఇన్నాళ్లున్నందుకు మిగిలింది ఇంతేనా అనుకుంటూ మెట్లు దిగింది.

కింద నర్సుబాబు.

"వెళ్తున్నారటగా. ఏమైనా కావాలా మీకు?"

ఏం వద్దండీ, బాగానే ఉన్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఒక్కదాన్నే తింటున్నానండీ, ఏడాదిన్నరగా. ఇంక నావల్ల కావట్లేదు. నాతో భోజనానికొస్తారా?"

"నా డ్యూటీ రెండింటికే అయిపోతుంది. మీరేమో భోజనానికి నాలుగైతేగాని దిగరు. రెండు నెలలుగా ఆ రెండు గంటలూ ఇక్కడే కూర్చుంటున్నా."

"ఎందుకూ?"

"వాన తగ్గాక వెళ్దామని."

"రెండు నెలలూ కురిసిందా?"

"పదకొండు రోజులు."

"మరి మిగతా రోజులు?"

"మిగతా రోజులు మీకోసమేనండీ. పిలవాలంటే ధైర్యం చాల్లేదు. మీ సంగతేమోగానీ, నాకు మాత్రం ఆకలికి ప్రాణం పోతోంది!"

ఆమె నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకూ ఆకలేస్తోంది," అని సంచి అతని చేతికిచ్చింది.