పద్నాలుగో ల్యాప్ గడి

బెర్న్ రేసులో చనిపోయిన దువిలియోను ఖననం చేసిన మూడో రోజున తాంక్రెది రొవేరోకు పిలుపు వచ్చింది.

ట్యూరిన్‌లో ట్రాము డిపో ఎదురుగా కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. తాంక్రెది కౌంటరు ముందు నిలబడ్డాడు.

“మా అత్తగారి మిషను దారం తెంపుతోంది.”

“ఏ నంబరు సూది?”

“పదహారు.”

“పెళ్లే కాలేదు, నీకు అత్తగారెక్కడిదయ్యా?” అన్నాడు ముసలాయన, ప్రతిసారీ అన్నట్టే. మేడమెట్లు చూపించాడు.

కర్నల్ బర్బెరిస్ కుర్చీ చూపించి, బల్ల మీద మూడు ఫోటోలు పరిచాడు. బెర్న్ రేసులో పత్రికల వాళ్లు తీసిన ఫోటోలు. మూడింట్లోనూ అల్బెరా జట్టు కార్లు ఆగే పిట్ ముందు తాంక్రెదే ఉన్నాడు, నెత్తి మీదికి బోర్డు ఎత్తి పట్టుకుని. ఆ బోర్డు మీద దువిలియో ల్యాప్ టైము, అంటే అతను ఒక చుట్టుకి తీసుకున్న నిమిషాలు, సెకన్లు. 2.59.4. తర్వాత 2.57.8. ఆ తర్వాత 2.51.6.

“చివరి రెండంకెలు చూడు. తొంభై నాలుగు. డెబ్బై ఎనిమిది. పదహారు. త్రియెస్తేలో ఒకే వీధిలో మూడు ఇళ్ల నంబర్లు. మూడింట్లోనూ మన మనుషులుండేవాళ్లు. ఇప్పుడు లేరు.”

 యుద్ధానికి ముందు తాంక్రెది రేసుకార్ల మెకానిక్. యుద్ధం తర్వాత గూఢచారి. టైర్లు మార్చేవాడి వేషంలో జట్టుతో పాటు సరిహద్దులు దాటుతూ, ఉత్తరాలు చేరవేస్తూ ఈ సీజనంతా గడిపాడు. తను ఎత్తే బోర్డే ఉత్తరమని అతనికి తెలియదు.

“రోమ్‌లో ఒక గుమస్తా నంబర్లు అమ్ముతున్నాడు. నిన్న పట్టుకున్నాం. జట్టులో ఒకరు వాటిని బోర్డు మీదికి ఎక్కిస్తారు. ప్రేక్షకుల స్టాండులో కూర్చున్నవాడు లక్షమంది మధ్య దర్జాగా చదువుకుంటాడు. నీకు అంకెలు అందించేది ఎవరు?”

“టైమ్‌కీపర్.”

“పేరు చెప్పవోయ్.”

“నివెస్. దువిలియో భార్య.”

కర్నల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇరవై మూడో నంబరు ఇల్లు ఒక్కటే మిగిలింది. అందులో భార్యాభర్తలు, పసిబిడ్డ. ఆ నంబరు ఇప్పటికే ఆమె దగ్గరుంది. ఆదివారం ట్యూరిన్ రేసులో ఎత్తుతుంది. ఆమెను అరెస్టు చేస్తే స్టాండులో ఉన్నవాడు జారిపోతాడు, ఇంకో దారి వెతుక్కుంటాడు. నాకు వాడు కావాలి. ఆమెను మనవైపు తిప్పు.” ఒక కవరు ఇచ్చాడు. దాంతోపాటు చక్రాల బోల్టులు కొట్టే రాగి సుత్తి ఒకటి. “పిడిలో కెమెరా ఉంది. ఖరీదైంది, జాగ్రత్త.”

శనివారం మధ్యాహ్నం నివెస్ షెడ్డులో ఒంటరిగా ఉంది. నల్ల దుస్తులు, మెడలో పట్టు రుమాలు. పారిస్ పత్రికలు ఆమె అందం గురించి రాసేవి. ఆమె మాత్రం ఎప్పుడూ తలవంచుకునే ఉండేది, వాచీల మీదికి. రేసు ముందురోజు రెండు స్టాప్‌వాచీలకూ ఆమే కీ ఇవ్వాలి, ఇంకెవరి చేయీ పడకూడదు. పక్కన బెర్న్ ల్యాప్ చార్టు తెరిచి ఉంది. పదమూడు గడుల్లో అంకెలు. పద్నాలుగో గడి ఖాళీ. కారు తిరిగి రాకపోతే ఆ గడిని కొట్టేయరు, ఖాళీగా వదిలేస్తారు. అది వాళ్ల ఆనవాయితీ.

తాంక్రెది ఫోటోలు బల్ల మీద పెట్టాడు. ఆమె బోర్డు మీది అంకెలు చూసింది.

“ఎప్పటినుంచి తెలుసు?”

“సోమవారం నుంచి.”

“అయితే ఇన్నాళ్లూ ఏమీ తెలియనట్టు నన్నెలా పలకరించావ్? వెధవా!” ఆమె ఫోటోలు పక్కకి నెట్టింది. “మా తమ్ముడు రేమో రష్యాలో బందీగా ఉన్నాడు. మనకి టైర్లు సరఫరా చేసే లుట్జ్ వాడి ఉత్తరాలు తెచ్చిచ్చేవాడు. జెనీవాలో పరీక్షకని తప్పుడు అంకెలు పెట్టించాడు, తర్వాత ఒక్కో నంబరుకీ ఒక్కో ఉత్తరం. ఆఖరి నంబరుకి మనిషినే తెప్పిస్తానన్నాడు. ఆ ఇళ్లల్లో ఎవరున్నారో నేను అడగలేదు. అడిగితే చెయ్యలేనని తెలుసు.”

తాంక్రెది కవరులోంచి ఒక రేకుబిళ్ల తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. సైనికుల మెడలో ఉండేది. రేమో పేరు, పుట్టిన ఊరు.

“నలభైమూడు జనవరిలోనే పోయాడు, నివెస్. పూడ్చిపెట్టినవాడే తిరిగొచ్చి ఇచ్చాడు. ఆ ఉత్తరాలు ఎవరో వాడి దస్తూరి దిద్దుకుని రాసినవి.”

ఆమె ఏడవలేదు. బిళ్లను రుమాలు కొసకు ముడి వేసుకుంది. తర్వాత అంది, “ఒక్క మాట నమ్ము. దువిలియోకి మాత్రం నేను కీడు చెయ్యలేదు. బోర్డు మీద ఎప్పుడూ ఉన్నదానికంటే మంచి టైమే పెట్టాను. బాగా వెళ్తున్నానని అనుకుంటే ఎవడైనా పెడల్ మీద కాలు తగ్గిస్తాడు కదా? అబద్ధమాడినా, ఆయన్ని తొందరపెట్టే అబద్ధం ఆడలేదు. రాత్రిళ్లు ఆ ఒక్క ముక్క పట్టుకునే పడుకుంటున్నాను.”

“నమ్ముతాను. రేపు ఇరవై మూడు బదులు నలభై ఏడు ఎత్తాలి. ఆ ఇంట్లో మన పోలీసులు కాచుకుని ఉంటారు.”

“ఇవ్వు,” అంది. “రాసుకుంటాను.”

షెడ్డు బయటికి వచ్చి, టైర్ల గుట్ట మీద కూర్చుని, తాంక్రెది కవరులో మిగిలిన కాగితం తీశాడు. బెర్న్ అధికారిక టైమ్ షీటు. ఫోటోలు పక్కన పెట్టి చూశాడు.

పదకొండో ల్యాపు 3.02.1. అప్పుడు బోర్డు 2.59.4 అంది. పన్నెండో ల్యాపు దువిలియో 2.59.5లో వచ్చాడు. బోర్డు 2.57.8 అంది. పదమూడో ల్యాపు 2.57.8.

ఆ తర్వాత బోర్డు 2.51.6 అంది. ఆ రోజు కురిసిన వానలో ఆ టైము ఏ కారుకీ సాధ్యం కాదు.

జెనీవా రేసు తర్వాతి సాయంత్రం గుర్తొచ్చింది. రొట్టె, సలామీ నములుతూ దువిలియో చెవిలో చెప్పాడు: “ఒరేయ్ తాంక్, మా ఆవిడ వాచీలు తప్పుతున్నాయిరా. తమ్ముడి దిగులు. ముసలి అల్బెరాకి తెలిస్తే ఇంటికి పంపేస్తాడు. ఎవరికీ చెప్పకు, నేను సరిచేస్తాలే.”

వాచీలు రిపేరుకి ఇస్తాడనుకున్నాడు తాంక్రెది. బోర్డు ఎప్పుడూ ఒక ల్యాపు వెనకే ఉంటుంది. తర్వాతి ల్యాపు సరిగ్గా ఆ టైముకే వచ్చేస్తే ఆమెను ఎవరూ వేలెత్తి చూపరు. అదీ దువిలియో సరిచేయడం. ఆమె రాసిన ప్రతి తప్పునూ తను నడిపి నిజం చేశాడు. పద్నాలుగో ల్యాపులోనూ అదే చేయబోయాడు.

ఆ బోర్డు ఎత్తిన చేతులు తాంక్రెదివే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

ఆదివారం పొద్దున్నించీ వాన. దువిలియో స్థానంలో ఫాల్కెత్తి నడుపుతున్నాడు. నివెస్ పిట్ కౌంటరు మీద వాచీలతో కూర్చుంది. ఇరవయ్యో ల్యాపులో లుట్జ్ వచ్చి ఆమె పక్కన చేరాడు, రెయిన్‌కోటు జేబులో కుడిచేయి పెట్టుకుని.

“ఈ ల్యాపే, మేడమ్.”

నివెస్ అంకెల బిళ్లలు వరసగా అందించింది. రెండు. మళ్లీ రెండు. నాలుగు. ఏడు. 2.24.7.

లుట్జ్ కళ్లు చిట్లించాడు. “అది కాదు.” ఎడమచేత్తో నాలుగు, ఏడు లాగేసి, రెండు, మూడు తగిలించాడు. “ఎత్తవయ్యా, టైర్లోడా.” జేబులోంచే పిస్తోలు గొట్టం నివెస్ పక్కటెముకల్లో ఆనింది.

ఫాల్కెత్తి కారు మలుపులో వినిపిస్తోంది. ఏడెనిమిది సెకన్లు.

“నేను చెయ్యనంటే?” అంది నివెస్, అతని వైపు చూడకుండా.

“తమ్ముణ్ణి మర్చిపో.”

“నువ్వు చెప్పాలా?” అంటూ ఆమె ఒళ్లో ఉన్న రెండు వాచీలూ లుట్జ్ ముఖాన కొట్టింది. అతని జేబు పేలింది. గుండు కౌంటరు చెక్కలోకి దిగింది. తాంక్రెది రాగి సుత్తి అతని మణికట్టు మీద పడింది. ఒకటి విరిగిన చప్పుడు, ఒకటి పగిలిన చప్పుడు. లుట్జ్ బురదలో మోకాళ్ల మీద కూలాడు. నివెస్ నాలుగు, ఏడు తగిలించింది. బోర్డు పైకి లేచిన క్షణంలోనే ఎర్రకారు నీళ్లు చిమ్ముతూ దాటిపోయింది.

పది నిమిషాల్లో స్టేషను టెలిఫోను గదిలో, స్టాండులోంచి వచ్చిన ఒక గొడుగు పెద్దమనిషి త్రియెస్తేకి “నలభై ఏడు” అని చెప్పి, వెనక్కి తిరిగి, కర్నల్ బర్బెరిస్‌ను చూశాడు. సాయంత్రం నలభై ఏడో ఇంటి తలుపు తట్టినవాళ్లకి నలుగురు పోలీసులు తలుపు తీశారు. ఇరవై మూడో ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు.

రేసు అయ్యాక ఫాల్కెత్తి హెల్మెట్ విసిరి నవ్వాడు. “రెండు ఇరవై నాలుగా? నేనా? ఈ వానలోనా? అమ్మా, మీ వాచీలు తాగొచ్చాయా?”

“ఎలా తెలిసింది?” అంది నివెస్.

“అదేం ప్రశ్న? తన ల్యాపు ఎంతో నడిపేవాడి నడుముకి తెలీదా? బోర్డు తప్పు చెప్తే కారు దిగకముందే తెలిసిపోతుంది. ఎవడికైనా తెలుస్తుంది.” కాఫీ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

 నివెస్ తాంక్రెది దగ్గరికి వచ్చింది. 

“అయితే దువిలియోకీ తెలుసు.”

తాంక్రెది సుత్తి తుడుస్తున్నాడు.

“తాంక్, బెర్న్‌లో నంబర్లు ఎక్కించడం మొదలయ్యాక నేను వాచీలే చూడలేదు, అధికారిక షీటూ చూడలేదు. నువ్వు చూసే ఉంటావు. పన్నెండు, పదమూడు ల్యాపులు ఎలా వెళ్లాడు? కాలు తగ్గించాడా?”

జేబులో కాగితం ఉంది. పన్నెండేళ్ల వయసులో స్నేహం కలిసినప్పటి నుంచి దువిలియోకు అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

“తగ్గించాడు,” అన్నాడు. “మూడు నిమిషాల నాలుగు సెకన్లు, మూడు నిమిషాల అయిదు. నెమ్మదిగానే వెళ్లాడు. మలుపులో ఎవరి కారో ఆయిలు కార్చింది. అంతే.”

“నిజంగా?”

“నిజంగా.”

 ఆమె తల ఊపింది. ఇద్దరు పోలీసులు దూరంగా ఆమె కోసం నిలబడి ఉన్నారు. మూడు ఇళ్ల మనుషులకు ఆమె జవాబు చెప్పాలి. పగిలిన వాచీలు రెండూ ఏరుకుని, పెట్టెలో పెట్టి, తాళం చెవి తాంక్రెదికి ఇచ్చింది. “వాచీలకి మాత్రం కీ ఇవ్వకు,” అంది. వాళ్లతో వెళ్లిపోయింది.

తాంక్రెది పిట్ వెనక మురుగుకాలవ దాకా నడిచాడు. కాగితాన్ని చిన్న ముక్కలు చేసి నీళ్లలో వదిలాడు.

మర్నాడు కర్నల్ బల్ల మీదికి తాంక్రెది నివేదిక వచ్చింది. చివర రెండు పంక్తులు. ధ్వంసమైన ప్రభుత్వ ఆస్తి: కెమెరా ఒకటి. కారణం: లుట్జ్ గారి మణికట్టు. పోయిన ప్రభుత్వ ఆస్తి: బెర్న్ టైమ్ షీటు ఒకటి. కారణం: వాన.

ట్యూరిన్‌లో వాన నాలుగింటికే వెలిసిందని కర్నల్‌కు తెలుసు. తనూ ఆ వానలో తడిశాడు, జేబులో కాగితం ఒక్కటీ పోలేదు. అయినా సంతకం పెట్టేశాడు.