మేం పోట్లాడితేనే డెవాన్ గెలుస్తాడు

"అది నా సీటు."

"పేరు రాసుందా?"

నేను టేబుల్ కిందకి వంగి చూపించాను. ఏడో క్లాసులో జేబుకత్తితో చెక్కిన 'వెస్' అనే పేరు ఇంకా అలాగే ఉంది. ఆ అమ్మాయి కూడా వంగి చూసింది. లేచి, జుట్టు సవరించుకుని, మళ్ళీ తీరిగ్గా అదే సీట్లో సర్దుకు కూర్చుంది.

"అక్షరాలు కుదర్లేదు," అంది. "ఇంకో టేబుల్ మీద ప్రాక్టీసు చేసుకోండి."

ఆమె పేరు కోరా బెక్. జనవరిలో మా హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిందట. మేం కూర్చున్న డైనరు, అదే కాఫీ టిఫిన్ల చిన్న హోటలు, మా ఐరిన్ అత్తది. ఏప్రిల్ నెల, ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి ఊరంతా సరాసరి అక్కడికే వచ్చి కూర్చుంది. గోడ మీది టీవీలో డెవాన్ ప్రూట్ ఆడుతున్న మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ వస్తోంది.

మా టాల్మన్ ఊళ్ళో డెవాన్ ప్రూట్‌ని నమ్మనివాడు లేడు. ఇప్పుడు.

అతను మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో నాలుగేళ్ళు ఆడాడు. ఆ టీము పేరు కొంగలు. నవ్వాలనుకుంటే ఇక్కడే నవ్వేయండి, మాకు అలవాటే. బంతి బుట్టలో పడకుండా ఠపీమని వెనక్కొస్తే మావాళ్ళు దాన్ని ఇటుక అంటారు. కాలేజీల లీగు ఫైనల్లో ఆఖరి క్షణాల్లో డెవాన్‌కి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఎవరూ అడ్డుండరు, గీత దగ్గర నిలబడి బుట్టలో వేయడమే. రెండూ ఇటుకలే అయ్యాయి. మర్నాడు తెల్లారేసరికి అతని హాస్టల్ మెట్ల మీద నిజం ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. లాయిడ్ పర్విస్ హార్డ్‌వేర్ షాపులో మాత్రం ఆ రోజు ఇటుకల స్టాకు అయిపోయింది.

ఆ లాయిడే ఇప్పుడు మా మేయరు. డెవాన్ ప్రొఫెషనల్ టీములో చేరి, కొన్నేళ్ళు బెంచీ అరగదీసి, ఈ ఏడు ఒక్కసారిగా వెలిగిపోయేసరికి మేయరుగారికి ప్రేమ పొంగుకొచ్చింది. టౌన్ హాలు ముందు ఇటుకలతో ఒక స్తంభం కట్టించి, దాని మీద "మేం ముందే చెప్పాం" అని రాయించాడు.

కిటికీలోంచి ఆ స్తంభాన్ని చూసి కోరా మూతి విరిచింది.

"ముందే చెప్పారట! ఏం చెప్పారో? ఆ పొద్దున మెట్ల మీది ఇటుకలు ఏరి పారేసింది నేను. డెవాన్ నిద్ర లేవకముందే. అప్పుడు అదే కాలేజీలో ఆడపిల్లల టీములో ఆడేదాన్ని, వేళ్ళన్నీ గీసుకుపోయి వారం పాటు బంతి పట్టుకోలేకపోయాను. ఈ ముందే చెప్పిన మహానుభావులంతా అప్పుడెక్కడున్నారు?"

డైనరు మొత్తం కాఫీ కప్పుల్లోకి తల దించుకుంది. లాయిడ్‌కి అర్జెంటుగా దగ్గొచ్చింది.

సరిగ్గా ఆ క్షణంలోనే ఆ అమ్మాయి నాకు నచ్చేసింది. ఆ మాట చెప్పే తెలివితేటలు లేక, "అయినా అది నా సీటే," అన్నాను.

"ఇంత చెప్తే మీకు సీటు గొడవా?"

"మొదలెట్టిందెవరు?"

"జరగమని మర్యాదగా అడగొచ్చుగా!"

"అడిగితే జరిగేవారా?"

"జరిగేదాన్ని కాదు!"

అంటూ నా పళ్ళెంలోంచి ఫ్రెంచ్ ఫ్రైస్ తీసుకుంది. "అవి నావి!" అని అరిచాను. టీవీలో డెవాన్ దూరం నుంచి బంతి విసిరాడు. పడింది. "పిసినారీ!" అంది కోరా. ఇంకోటి పడింది. "దొంగా!" అన్నాను. మరోటి. అప్పటిదాకా చిత్తుగా ఓడిపోతున్న డెవాన్ టీము మేం తిట్టుకునే కొద్దీ లేచి నిలబడింది. మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగామో మాకే తెలీదు.

ఐరిన్ అత్త కాఫీ కూజా చేత్తో పట్టుకుని బిగుసుకుపోయింది. "ఆగండాగండి. వీళ్ళు తిట్టుకున్నప్పుడల్లా పడుతోందర్రా!"

అంతే, మా బతుకులు మావి కాకుండా పోయాయి.

మా ఊరివాళ్ళతో ఇదే చిక్కు. టీము గెలుస్తున్నంతకాలం జెర్సీ ఉతకరు, కూర్చున్న కుర్చీ మారరు. లాయిడ్ గెడ్డం గీసుకోడు. గెలిచిన రోజు అత్త ఏ పండు పెట్టి 'పై' అనే తీపి రొట్టె కాలిస్తే సీజనంతా ఆ పై చేయాల్సిందే. ఆ ఏడు అది రుబార్బ్ అనే పుల్లటి కాడల పై. ఊరంతటికీ పళ్ళు పులిసిపోయాయి. అయినా కిక్కురుమన్నవాడు లేడు.

తర్వాతి మ్యాచ్‌కి కోరా రాలేదు. డెవాన్ టీము ఓడిపోయింది. మర్నాడు మేయరు స్వయంగా హైస్కూలుకి వెళ్ళి, క్లాసు మధ్యలో టోపీ తీసి, "తల్లీ, ఊరి పరువు నీ నోట్లో ఉంది. ఆ నోరు తీసుకుని డైనరుకి రా," అని ప్రాధేయపడ్డాడట. పిల్లలు బల్లలు చరిచారట.

కోరా వచ్చింది. మే నెలంతా ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని పోట్లాడుకున్నాం. విషయాలు అయిపోతే ఊరే అందించేది.

"ఇవాళ పిల్లుల మీద కానివ్వండి," అనేవాడు లాయిడ్.

"నాకు పిల్లులంటే ఇష్టమే," అనేవాణ్ణి నేను.

"అయితే ఇవాళ్టికి ఇష్టం లేదనుకో. ఊరికోసం ఆమాత్రం చెయ్యలేవా?"

ఫ్రిజ్‌లూ ఏసీలూ రిపేరు చేసుకునేవాణ్ణి, వారమంతా తిట్ల కోసం ఎదురుచూడడం మొదలెట్టాను. కోరాకి కోపమొస్తే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. నవ్వితే పడదు. దేవుడు ఎందుకలా పెట్టాడో గానీ, ఆ సొట్ట కోసం ఎన్ని పిచ్చి మాటలైనా మాట్లాడేవాణ్ణి. మాడిన ఫ్రైస్ అంటే నాకిష్టమని ఎప్పుడు కనిపెట్టిందో, "మూర్ఖుడా" అంటూనే వాటిని ఏరి నా వైపు తోసేది.

ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్ మొదలయ్యాయి. ఒకరోజు నాకు ధైర్యమొచ్చి లైలాక్ పూలు కోసుకెళ్ళాను. కోరా వాటిని వాసన చూసి, "నాకేనా?" అంది మెత్తగా. ఆ మ్యాచంతా మేం నవ్వుకుంటూ కూర్చున్నాం. డెవాన్ టీము ఘోరంగా ఓడిపోయింది.

"పూలా!" అని లాయిడ్ నా మీద ఒంటికాలి మీద లేచాడు. "ఫైనల్స్‌లో పూలేంట్రా? బుద్ధుందా? అమ్మాయితో పోట్లాడమంటే పూలిస్తావా?"

చర్చి పాస్టరుగారు కూడా నాకేసి జాలిగా చూశారు. ఆయన ప్రార్థన నా ఆత్మ కోసం కాదు, గెలుపెవరిదో తేల్చే ఏడో మ్యాచ్ కోసం.

ఏడో మ్యాచ్‌కి ముందు రోజు, శనివారం, వాన పట్టుకుంది. సెలవురోజైనా పేపర్లు దిద్దడానికి స్కూలుకెళ్ళిన కోరాని ఇంటిదాకా దిగబెడదామని గొడుగు తీసుకెళ్ళాను. గొడుగు చిన్నది. నాకేం ఫిర్యాదు లేదు.

"వెస్, ఒక మాట," అంది. "ఎక్కడో దూరంగా ఆరెగాన్ రాష్ట్రంలో ఒక స్కూల్లో కోచ్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. సోమవారం లోపల ఏ సంగతీ చెప్పాలి. ఇక్కడా ఉండమంటున్నారు." రెండడుగులు వేసి ఆగింది. "నువ్వేమంటావు?"

వెళ్ళకు అనడానికి నోరు తెరిచాను. పక్కనే నీళ్ళు చిమ్ముకుంటూ ఓ కారు ఆగింది. అద్దం దిగింది. గెడ్డం బయటికొచ్చింది.

"పోట్లాడుకుంటున్నారా, లేదా?" అన్నాడు లాయిడ్. "రేపే మ్యాచ్. ఒరేయ్ వెస్, మళ్ళీ పూలు గానీ ఇచ్చావో!"

ఊరంతా కళ్ళముందు కదిలింది. ఉతకని జెర్సీలూ, రుబార్బ్ పైలూ, అన్నీ. ఇంత చవటనవుతానని నేనూ అనుకోలేదు. "వెళ్తే వెళ్ళు, నాకేంటి?" అన్నాను గట్టిగా, లాయిడ్‌కి వినపడేలా.

లాయిడ్ తృప్తిగా బొటనవేలు చూపించి వెళ్ళిపోయాడు.

"కోరా, అది ఊరికే…"

"ఏది ఊరికే, ఏది నిజం? నెల రోజుల్నుంచి అదే తెలుసుకోవాలని చూస్తున్నా," అంది. బుగ్గ మీద సొట్ట పడలేదు. అదే నన్ను భయపెట్టింది. గొడుగు నా చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయింది. నా గొడుగే అది.

ఆదివారం సాయంత్రం డైనరులో నిలబడడానికి చోటు లేదు. కోరా వచ్చింది, నా పక్కనే కూర్చుంది. "డెవాన్ కోసం వచ్చాను," అంది కిటికీతో. తర్వాత ఒక్క మాట లేదు. నేను నోరు తెరిస్తే టీవీ వైపు తిరిగేది. నిజంగా గొడవొస్తే ఎవరూ అరవరని ఊరికి ఆ రోజే తెలిసింది.

"ఇదేంటి, మాట్లాడుకోవట్లేదు?" అత్త కంగారుగా అంది.

"కోపంగా ఉన్నారుగా, చాలదా?" అన్నాడొకాయన.

"శబ్దం రావాలయ్యా!" అన్నాడు లాయిడ్.

మ్యాచ్ చివరికొచ్చింది. డెవాన్ టీము ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గడియారంలో కొన్ని సెకన్లు మిగిలాయి. డెవాన్‌ని ఎవరో తోశారు. ఈల మోగింది. అతనికి రెండు ఫ్రీ త్రోలు.

డైనరులో అందరికీ అవే ఇటుకలు గుర్తొచ్చాయి. డెవాన్ గీత దగ్గరకొచ్చి బంతి నేలకేసి కొట్టాడు. ఊరు ఊరంతా టీవీ వదిలేసి మా వైపు తిరిగింది.

"తిట్టుకోండి!" లాయిడ్ ఏడుపుగొంతుతో అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, తిట్టుకోండి!"

నేను లేచి నిలబడ్డాను. ఊరికోసం కాదు. రేపు సోమవారం.

"నీకసలు బుద్ధుందా?" అని అరిచాను. "రుచి చూడకుండా ఉప్పేసుకుంటావు. నా సీటు లాక్కున్నావు, నా గొడుగు లాక్కున్నావు. ఇవన్నీ చేసి, ఇప్పుడు ఆరెగాన్ పోతానంటావా?"

కోరా దిగ్గున లేచింది. "వెళ్తే వెళ్ళమన్నదెవరు?"

"అది అబద్ధం!"

డెవాన్ విసిరాడు. పడింది. స్కోరు సమమైంది. డైనరు పైకప్పు లేచిపోయింది. "ఆపకండి! ఆపకండి!" అని అత్త గరిటెతో కౌంటరు బాదింది.

"మరి నిజం చెప్పి ఏడువు!" అంది కోరా. సొట్ట పడింది. అమ్మయ్య, పడింది.

"నిజమా? నువ్వు లేకపోతే ఈ డైనరులో నాకు కాఫీ కూడా సహించదు. వెళ్ళకు. నువ్వంటే నాకు ప్రేమ. చాలా?"

కోరా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"మెత్తబడిపోతున్నారు!" లాయిడ్ తల పట్టుకున్నాడు. "అమ్మా, తిట్టమ్మా! ఇంకోటి వెయ్యాలమ్మా!"

"మొద్దు మొహమా," అంది కోరా కళ్ళు తుడుచుకుని. "ఈ మాట వానలో చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? వెళ్ళను. ఎక్కడికీ వెళ్ళను." నా చొక్కా కాలరు పట్టి లాగి ముద్దు పెట్టింది.

రెండోది పడడం మేమిద్దరం చూడలేదు. రుబార్బ్ పై పళ్ళేలతో సహా ఎగిరింది. పాస్టరుగారు బల్లెక్కారు.

అల్లరి సద్దుమణిగాక టీవీలో విలేకరి డెవాన్‌ని అడిగింది, ఆ గీత దగ్గర అంత ప్రశాంతంగా ఎలా నిలబడ్డావని.

డెవాన్ తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "కాలేజీలో మా ఊరివాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదండీ. అక్కడ నిలబడితే నాకిక ఏమీ వినపడదు. అది వాళ్ళ దగ్గరే అలవాటైంది. ఒక్కళ్ళు మాత్రం ఓ పొద్దున నా మెట్లు శుభ్రం చేశారు. ఎవరో తెలీదు. వాళ్ళకి థాంక్స్ చెప్పాలి."

కోరా నా భుజంలో మొహం దాచేసుకుంది. చొక్కా తడిసింది.

లాయిడ్ చేతిరుమాలు తీసి భోరుమన్నాడు. "విన్నారా? మనమే నేర్పామట! స్తంభం మీద ఇంకో లైను చెక్కించాలి!"

"అతనికేమీ వినపడలేదన్నాడు మేయరుగారూ," అన్నాను. "మా గొడవకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

"ఒరేయ్," అంది ఐరిన్ అత్త, గరిటె నా మొహం ముందు ఆడిస్తూ. "గెలుస్తున్నప్పుడు అలాంటి మాటలు మాట్లాడకూడదు. నా మాట విని ఇద్దరూ పెళ్ళి చేసుకోండి. గొడవలకి లోటుండదు, డెవాన్‌కి ఇంకో పదేళ్ళు ఢోకా ఉండదు." అలా మా సంబంధం ఖాయమైంది. ఊరంతా ఆమెన్ అంది.

అక్టోబరులో కొత్త సీజను మొదలైంది. బల్ల కింద 'వెస్' పక్కన ఇప్పుడు 'కోరా' అని ఉంది. అక్షరాలు నావాటికంటే కుదురుగా ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు. పెళ్ళయి నెలైంది. టీవీలో డెవాన్ కోర్టులోకి వచ్చాడు. కోరా వచ్చి నా పక్కన నిలబడింది.

"జరుగు," అంది.

"జరగను."

మా వెనకాల ఊరంతా హమ్మయ్య అనుకుని కాఫీ తాగడం మొదలెట్టింది.